క్రేన్ దిగిన సత్యవాణి

మా ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్ ఆడవాళ్లకు ఏ జబ్బు చేసినా పేరు ఒకటే: గేస్. ఆసుపత్రికి వెళ్లాలంటే సూపర్‌వైజరును సిక్ మెమో అడగాలి. ఆయన మగవాడు. చుట్టూ పదిమంది ఫిట్టర్లు. వాళ్ల మధ్య నెలసరి మాట ఎవరెత్తుతారు? అందుకని గేస్.

సత్యవాణి కూడా వేసవి నుంచి అదే చెప్పింది. ఆసుపత్రిలో గేస్ మాత్రలే ఇచ్చారు. ఆమెకు యాభై దగ్గరపడుతోంది. నెలసరి గతి తప్పింది. ఉన్నట్టుండి గుండెల్లోంచి సెగ లేచి, చలికాలంలోనూ మెడా ముఖమూ చెమటతో తడిసిపోతాయి. నిద్ర ఉండదు. భర్త పోయాక ఆయన బదులు ఆమెకు ఉద్యోగమిచ్చారు. న్యూ సెటిల్‌మెంట్ కాలనీ క్వార్టర్లో ఒక్కతే. కూతురికి ఫోన్లో చెప్పబోతే, "ఫేను పెంచుకోయే" అంటుంది.

వర్క్‌షాప్ కప్పు కింద నడిచే క్రేన్ ఆమెది. పైన కేబిన్లో కూర్చుని బోగీ చక్రాలు ఎత్తి దించుతుంది. ఎటు కదపాలో కింద నుంచి జగ్గారావు చేతులతో చెబుతాడు. ఆ మోతలో మాట వినబడదు. టీ తాగావా, ఏం కూర అని కూడా సైగల్లోనే అడుగుతాడు. రోజులో ఆమెను పలకరించే మనిషి అతనొక్కడే. ఒంట్లో బాగాలేదని తెలిస్తే ఆ కేబిన్ పోతుందనే ఆమె పనిలో ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఒక మంగళవారం చక్రాల జత గొలుసుకు వేలాడుతుండగా ఆమె కళ్లు మూతపడ్డాయి. జగ్గారావు ఊదిన విజిల్‌కు ఉలిక్కిపడి ఆపేసరికి అవి అతని నెత్తి మీద ఊగుతున్నాయి.

లోడు దించి, నిచ్చెన దిగింది.

"ఏటప్పా, నిద్దరోనావా?" అన్నాడు జగ్గారావు. "నానెవులికీ సెప్పన్లే. పైకెల్లిపో."

ఆమె తిన్నగా సూపర్‌వైజరు అమర్‌నాథ్ దగ్గరికి నడిచింది.

"మళ్లీ గేసేనా అమ్మా?" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు.

"కాదు బాబూ. ముట్లాగిపోతన్నాయి. ఒల్లు కాలిపోతంది, నిద్దర్లేదు. ఇప్పుడే మనిసిని సంపీద్దును. నన్ను క్రేన్ దింపీయండి."

నవ్వు ఆగిపోయింది. అమర్‌నాథ్ తలెత్తకుండా మెమో రాశాడు.

చక్రం ఎప్పుడు అరుగుతుందో, అరిగితే ఏం చేయాలో ఇక్కడ ప్రతి మగాడికీ తెలుసు. తన పక్కన పనిచేసే ఆడదాని ఒంటికి ఏమవుతోందో మాత్రం తెలియదు. తెలుసుకోవడం సిగ్గట!

ఈసారి ఆసుపత్రిలో డాక్టరమ్మ అన్నీ అడిగింది. రక్తం, థైరాయిడ్ పరీక్షలు చేయించింది. ఇది రోగం కాదు గానీ, ఇంత బాధ ఓర్చుకోనక్కర్లేదని మందు రాసింది. నిద్ర కుదిరేదాకా క్రేన్ ఎక్కొద్దంది. ఎన్నాళ్లో చెప్పలేదు.

ఇప్పుడు సత్యవాణి పనిముట్ల గదిలో కూర్చుంటోంది. నిద్ర కాస్త పడుతోంది. మగవాళ్లు వచ్చి కావలసింది తీసుకుని, ముఖం చూడకుండా పోతున్నారు. ఒకరోజు జగ్గారావు సుత్తి కోసం వచ్చాడు.

"గేస్ అనీసుంటే అయిపోను గదప్పా," అన్నాడు గొంతు తగ్గించి.

"గేస్ అనే కదరా నీ నెత్తి మీదకి సక్రాలు తెచ్చినాను."

అతను సుత్తి పుచ్చుకుని వెళ్లిపోయాడు. ఆమె అతని వీపు వంకే చూసింది. బతికున్నాడు, నడుస్తున్నాడు. ఆ పూట టీ తాగావా అని ఎవరూ అడగలేదు; ఒక్కతే తాగింది.