నా పేరు కూడా రాయాల్సి వచ్చింది

ఎనభైల్లో వరసగా వానల్లేని ఏళ్లవి. మాది గార్లదిన్నె దగ్గర పల్లె. నలభై ఏళ్లు దాటాక సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. బోరింగు దగ్గర రోజూ తగవులెందుకో మమ్మల్నే చూసి రాయమంది టీచరు. చూసింది చూసినట్టు, పేర్లతో రాయాలని బడి ఆడవాళ్లమంతా ఒప్పుకున్నాం.

మొదటి వంతు నాది. ఎవరు ఎవరిని దాటి నీళ్లు పట్టుకున్నారో రాస్తున్నాను. ఇంతలో మా అత్త బిందె తెచ్చింది. నేను అలవాటు కొద్దీ లేచి, ముందున్న ఎస్సీ కాలనీ ఓబులమ్మ బిందెను కాలితో పక్కకు తోసి, మాది పెట్టాను. అత్త బోరింగు కొడుతుంటే మళ్లీ కూర్చుని పెన్ను పట్టుకున్నాను.

ఓబులమ్మ కూడా మా బడిలోనే చదివేది. "అక్కా, ఇది గూడా రాయి" అంది మెల్లగా.

అత్త చేయి ఆగిపోయింది. "రాసినావంటే ఇంట్లోకి రావాకు. ఇంటి మర్యాద కాగితం మింద పెడతావా?"

"పొద్దన్నుంచి మా పేర్లన్నీ రాసినాది. ఆమె పేరుకు అక్షరాలు నేర్పలేదేమో" అని వెనక నుంచి ఒకామె ఎత్తిపొడిచింది.

అందరూ నా చేతికేసి చూస్తున్నారు. నా పేరు రాసి, పక్కన 'కాలితో తోసింది' అని రాశాను. లేచి మా బిందె తీసి, ఓబులమ్మ బిందెను చేత్తో ఎత్తి ముందు పెట్టాను.

అత్త మా సగం బిందె నీళ్లు నేలపాలు చేసి వెళ్లిపోయింది. అదీ రాశాను.

ఓబులమ్మ అడగకపోతే రాసి ఉండేదాన్నా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. రాసేదాన్నని చెప్పలేను.