బోధన్ బావిలో కాంగర్ ఈలు

సీసా మూత తుప్పుపట్టి బిగుసుకుపోయింది. గుడ్డ చుట్టి, మోకాళ్ల మధ్య ఇరికించుకుని, పళ్లు బిగబట్టి తిప్పగా తిప్పగా ఊడింది. ఊడగానే గుప్పుమని ముందు స్పిరిటు ఘాటు, దాని వెనకాల నీచు వాసన, ఆ రెంటికీ అడుగున ఎక్కడో పుల్లగా, తియ్యగా, కాగిన చెరకు మడ్డి వాసన. నిజామాబాదులో ఒక కాలేజీ స్టోరు రూములో, కాళ్లు విరిగిన బెంచీల మధ్య, నలభై దాటిన నేను ఆ సీసా పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. నాకు సాయంగా ఉన్న లెక్చరరు పిల్ల సీసా మీది చీటీ చదివి పకపకా నవ్వింది.

"మేడం, గిది సూడుండ్రి! కాంగర్ ఈలట, బోధన్ల దొరికిందట! సముద్రంల ఉండే చేప బోధన్లకెట్ల వస్తది? ఎవరు రాసిండ్రో గని, మస్తు హుషారు మనిషి."

నేను నవ్వలేదు. ఆ చీటీ మీది గుండ్రటి చేతిరాత నాది.

ఇరవై ఏళ్లుగా నా బతుకుతెరువు ఈల్ చేపలే. సముద్రం ఒడ్డునున్న ఊళ్లో, పాముల్లా పొడుగ్గా జారుడుగా ఉండే ఆ చేపలను బల్ల మీద పరుచుకుని ఏది ఏ జాతో తేలుస్తుంటాను. అందులో కాంగర్ల కుటుంబం ఉంది చూశారూ, ప్రాణం తీస్తుంది. అన్నీ ఒక్కలాగే ఉంటాయి. దవడ మీది పళ్లు చూడాలి, ఒంటి పక్క గీతలో సూదిమొనంత రంధ్రాలు లెక్కపెట్టాలి, వెన్నుపూసలు లెక్కపెట్టాలి, అప్పటికీ అనుమానం పోదు. కాంగర్ పిల్ల ఆకులా పలచగా, ఇటునుంచి అటు కనపడేటట్టు ఉంటుంది. అది వేరే చేప అనుకుని పూర్వం పెద్ద పెద్ద పండితులే దానికి వేరే పేరు పెట్టి, తల్లి ఎవరో తెలిశాక నాలిక్కరుచుకున్నారు. అలాంటి తప్పులు దిద్దడమే నా ఉద్యోగం. మూతపడిన బడుల నుంచి వచ్చిన పాత సీసాలను పారేసేముందు ఒకసారి చూసి పొమ్మని కబురొస్తే, పుట్టిన జిల్లా కదా అని వచ్చాను. నా తప్పే సీసాలో కూర్చుని నాకోసం ఎదురుచూస్తుందని కలగన్నానా!

మా బాపు బోధన్ చక్కెర మిల్లులో ఫిట్టరు. క్వార్టర్స్‌లో చివరి వరస, చివరి ఇల్లు మాది. చలికాలం మొదలై గానుగ ఆడడం మొదలైందంటే రుద్రూరు వైపు నుంచి, ఎడపల్లి వైపు నుంచి చెరకు బండ్లు రాత్రీ పగలూ బారులు తీరేవి. ఎద్దుల మెడగంటలు, బండివాళ్ల అదిలింపులు, మధ్య మధ్య మరాఠీ తిట్లు, ఆరబెట్టిన బట్టల మీద నల్లటి నుసి, నోరు తెరిస్తే నాలుక మీదికి కూడా వచ్చే మడ్డి వాసన. మిగతా పిల్లలు గుంపుగా బండ్ల వెనక పరుగెత్తి గడలు లాగి, పళ్లతో చీల్చి, మోచేతుల దాకా రసం కార్చుకుంటూ తినేవాళ్లు. నాకు గుంపు లేదు. తోడబుట్టినవాళ్లు లేరు. అమ్మ పొద్దస్తమానం ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. తునికాకు కత్తిరించి, పొగాకు పోసి, దారం చుట్టే ఆ వేళ్లకు ఎంత తీరిక లేదో, తలెత్తి నాతో మాట్లాడడానికి ఆమెకూ అంతే తీరిక లేదు. ఆ రోజుల్లో మిల్లు ఉంటుందో ఊడుతుందో అన్న మాటలు మొదలై ఒక్కొక్క కుటుంబమే సామాను కట్టుకుని పోతోంది. ఒక ఏడు మా వరసలో బతుకమ్మ చుట్టూ పెద్ద వలయం తిరిగింది, మరుసటి ఏడు నలుగురు ఆడవాళ్లు తిరిగారు, ఆ పై ఏడు తంగేడు పువ్వు తెచ్చుకున్నాం గానీ ఆడడానికి పక్క వీధికి పోవలసి వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. ఎవరికి చెప్పుకోను?

అందుకే బావికి చెప్పుకునేదాన్ని. మా ఇంటి వెనక రాతి ఒరల బావి ఒకటి ఉండేది. కాలువ నీళ్లు ఆపేసిన ఒక ఎండాకాలం బాపు ఎడపల్లి దిక్కు గుంటలో దొరికిందని తడి గోనెసంచిలో ఏదో మెలికలు తిరిగేదాన్ని తెచ్చి ఆ బావిలో వదిలాడు. పాము అనుకుని నేను గోడెక్కాను.

"పాము గాదు బిడ్డా, మలుగు చేప," అన్నాడు బాపు. "పురుగు పుట్ర తింటది, నీళ్లు సాఫుంటయి. ఇది సముద్రంల పుట్టి, గోదావరి ఎక్కి, మంజీర ఎక్కి వస్తదట. మా తాత చెప్పేటోడు."

అంత దూరం నుంచి ఒక్కతే వచ్చిందా అని నాకు దాని మీద పాణం కొట్టుకుంది. బడి నుంచి రాగానే జామచెట్టు కింద తవ్వి ఎర్రలు, అవే వానపాములు, పట్టి, పొద్దు గూకే వేళకు బొక్కెనను ఒర రాయికి రెండుసార్లు కొట్టి, "మలుగూ, రావే" అని పిలిచేదాన్ని. మొదట్లో రాలేదు. రెండు నెలలకు రాళ్ల సందులోంచి ముక్కు బయటపెట్టింది. వానాకాలం అయ్యేసరికి నా గొంతు వింటే పైకి తేలేది. బడిలో ఎవరు నన్ను ఆటకు రానివ్వలేదో, ఎవరు నా సద్ది డబ్బా చూసి ముక్కు మూసుకున్నారో అంతా దానికి చెప్పేదాన్ని. అది ఎర్ర మింగి, నా మొహం వైపు కాసేపు చూసి పోయేది. చూసేదనే అనుకునేదాన్ని.

చెప్పకుండా ఉంటే బాగుండేది. నోరూరుకోలేదు. ఒకరోజు అన్నాలప్పుడు సుజాత అనే పిల్ల, మా తరగతి అమ్మాయిలందరికీ పెద్ద, "నీకు దోస్తులే లేరు గదనే" అంది. ఉందన్నాను. ఎవరని అడిగింది. చెప్పాను. "ఝూటిమాటలు! బాయిల చేప పిలిస్తే వస్తదా?" అని అందరూ ఒకటే నవ్వు. "ఐతారం మా ఇంటికి రాండ్రి, చూపిస్త," అన్నాను.

నిజంగానే వచ్చారు. ఏడుగురు! మా గడప ముందు ఏడు జతల చిన్న చెప్పులు నేనెప్పుడూ చూసి ఎరగను. అమ్మ చాట పక్కన పెట్టి లేచి, బియ్యప్పిండిలో పల్లీలూ నువ్వులూ కరివేపాకూ వేసి సర్వప్ప ఒత్తింది. వాళ్లు వేళ్లు కాల్చుకుంటూ తిన్నారు, నా జడ కుచ్చులు బాగున్నాయన్నారు, నాతో తొక్కుడు బిళ్ల ఆడారు. పొద్దు వాలింది. బొక్కెన కొట్టి పిలిచాను. అది వచ్చింది. కానీ బావిలో చీకటి, ఎవరికీ సరిగ్గా ఆనలేదు.

"ఏం కనపడ్తలేదు. పైకి తియ్యి," అంది సుజాత.

పోతారేమో అని భయమేసింది. మళ్లీ రారేమో అని. బొక్కెనలో ఎర్రలు వేసి నీళ్లలోకి దింపి, "మలుగూ, రావే" అన్నాను. అది బొక్కెనలోకి వచ్చేసింది. ఏ అనుమానం లేకుండా వచ్చేసింది. నేనే చేదాను. ఒర మీదికి రాగానే బొక్కెన ఒరిగి అది రాళ్ల మీద పడి కొట్టుకుంది, పిల్లలు పాము పామని కేకలు పెట్టారు, ఎదురింటి కాక కర్ర పట్టుకుని ఉరికొచ్చాడు. పాము కాదు అని నేను అరిచినట్టే గుర్తు. గొంతు దాటి వచ్చిందో లేదో తెలియదు. రెండు దెబ్బలు వేశాడు.

బాపు డ్యూటీ దిగి వచ్చి దాన్ని కడిగి పలక మీద పెట్టి చాలాసేపు చూశాడు. "ఎన్నడు ఎక్కనిది గియాల బొక్కెనల ఎట్లెక్కిందో," అన్నాడు. తలుపు పక్కన నిలబడి విన్నాను. నేనే పిలిచాను బాపూ అని అనలేదు.

సోమవారం కల్లా సుజాత మా బావిలో పామంత చేప దొరికిందని బడంతా చాటింది. సైన్సు సారు మిల్లుకు చిట్టీ రాసి పంపితే బాపే స్పిరిటు తెచ్చి, మలుగుతో పాటు నాకిచ్చి బడికి పంపాడు. మిల్లు మడ్డి నుంచి తీసిన స్పిరిటే. సారు మలుగును సీసాలో చుట్టగా చుట్టి పెట్టి, పుస్తకం తిరగేసి, బొమ్మ చూసి, కాంగర్ ఈలు అన్నాడు. అయినా ఒక మాట నన్ను అడిగాడు.

"ఏమంటరు బిడ్డా దీన్ని మీ దిక్కు?"

పేరు చెబితే ఎట్లా తెలుసంటాడు, ఎట్లా దొరికిందంటాడు. "తెల్వద్ సార్," అన్నాను. నా రాత బాగుంటుందని చీటీ నాతోనే రాయించాడు. ఆ వారమంతా అందరూ నాతోనే తిన్నారు. పై వారం మళ్లీ ఎవరి గుంపు వాళ్లది. ఇంకొన్నాళ్లకు మేమూ సామాను కట్టుకున్నాం. బాపు పోయే దాకా నేను ఆ సంగతి నోరు విప్పలేదు, ఆయన అప్పుడప్పుడూ ఆ మలుగు మాట తెచ్చి "ఎట్లెక్కిందో" అంటూనే ఉండేవాడు.

సీసా తెరిచిన రోజు నేనేమీ రాయలేకపోయాను. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి బోధన్ పోయాను. చలికాలమే, కానీ గాలిలో ఏ వాసనా లేదు. మిల్లు గొట్టంలో పొగ లేదు. మా వరస ఇళ్లకు కప్పులు లేవు, బావిని రాళ్లూ మట్టీ పోసి పూడ్చేశారు, మీద తుమ్మ మొలిచింది. ఒక ముసలాయన మేకలు మేపుతుంటే మలుగులు దొరుకుతున్నాయా అని అడిగాను. "ఏడియి బిడ్డా? నదికి అన్ని కట్టలు గట్టినంక అవి ఎట్లెక్కుతయి? సూసి ఎన్నేండ్లాయెనో," అన్నాడు. తుమ్మచెట్టు దగ్గర కాసేపు నిలబడ్డాను. వెనక్కి తిరిగి బస్సు కోసం నడిచాను.

మధ్యాహ్నానికి తిరిగొచ్చి సీసా ముందు కూర్చున్నాను. లెక్చరరు పిల్లకు చూపించాను: కాంగర్‌కు పొలుసులుండవు, దీని చర్మం గీకితే లోపల సన్నటి పొలుసులున్నాయి, కాంగర్ వీపు రెక్క మెడ దగ్గరే మొదలవుతుంది, దీనిది చాలా వెనక. పాత చీటీ తప్పైనా పారేయకూడదు, కొత్తది దాని పక్కనే సీసాలో ఉండాలి, అది మా పనిలో నియమం. ఆ పిల్ల కొత్త చీటీ తీసి గళ్లు నింపుతూ పోయింది. ఊరు, బోధన్. ఇక్కడి పేరు, మలుగు. పట్టినవారు అన్నచోట నా పేరు చెబితే కలం ఆపి నా మొహంలోకి చూసింది, మళ్లీ నవ్వలేదు.

"పట్టిన పద్ధతి ఏం రాయాలె మేడం? వలనా, గాలమా?"

"బొక్కెన అని రాయి."

రాసింది. నేను ఆమె చేతిలోంచి కలం తీసుకుని, ఆ గడిలోనే మిగిలిన కాస్త చోటులో, నా గుండ్రటి చేతిరాతతో రాశాను: పిలిస్తే వచ్చింది.