దయ్యం సినిమాల ఖాలా

బాన్సువాడలో మా పుట్టింటి పక్కన ఉండే ఖాలా మొన్న బుధవారం తెల్లవారుజామున పోయింది. వర్నిలో నేను బడికి బయలుదేరుతుంటే ఆమె కోడలు ఫోన్ చేసింది. ఆ కోడల్ని నేను భాభీ అంటాను, అంటే వదిన. నిద్రలోనే పోయిందనీ, మధ్యాహ్నం నమాజు కాగానే తీసుకుపోతారనీ చెప్పి, ముఖం చూసుకుంటానంటే జల్ది రమ్మంది. ఆ ముఖం చూడటం అన్న మాట దగ్గరే నా కాళ్లు ఆగిపోయాయి. టీచరమ్మను, ఇద్దరు పిల్లల తల్లిని, ఇంత వయసొచ్చింది. అయినా ఆగిపోయాయి.

ఖాలా అంటే అమ్మకు అక్కచెల్లెలి వరస. మాకు చుట్టరికమేమీ లేదు, గోడకు గోడ, అంతే. బట్టలు కుట్టేది. పొద్దంతా మిషన్ తొక్కుతూనే ఉండేది. ఆమెకున్న పిచ్చి ఒక్కటే, దయ్యం సినిమాలు. అవి కూడా మంచివి కావు. బస్టాండు దగ్గరి సీడీల దుకాణంలో ఎవ్వరూ ముట్టని చెత్తంతా ఏరి కిరాయికి తెచ్చుకునేది. దుకాణమతను నవ్వినా లెక్కచేసేది కాదు.

నాకు పదేళ్లప్పుడు మా అమ్మ పోయింది. జ్వరమని దవాఖానకు వెళ్లిన మనిషిని ఆటోలో తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. ఆఖరిసారి ముఖం చూడమని అందరూ అంటుంటే నేను ఖాలా ఇంట్లోకి ఉరికి కుట్టు మిషన్ కింద దూరాను. ఎంతమంది పిలిచినా రాలేదు. తీసుకుపోయాకే బయటికి వచ్చాను. తర్వాత బడిలో ఎవరో అన్నారు, చిన్న వయసులో పోయినవాళ్లు దయ్యాలవుతారని. అంతే, కన్నతల్లి అంటే భయం పట్టుకుంది నాకు. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు.

ఖాలా తనంతట తానే కనిపెట్టింది. అమ్మ చీరతో నాకు లంగా కుట్టమని నాన్న ఇచ్చాడు. కొలత చూద్దామని ఒంటికి ఆనించగానే నేను గోడ దాకా వెనక్కి జరిగాను. ఆమె చీర మడిచి పక్కన పెట్టింది. ఆ ఆదివారం అన్నాలు తిన్నాక నన్ను పిలిచి, తలుపులన్నీ బార్లా తెరిచి, ఓ దయ్యం సినిమా పెట్టింది. పిల్ల అసలే బెదిరి ఉంటే ఇదేం పనని మా వాడకట్టంతా ఆమెను తిట్టింది.

సినిమాలో దయ్యం వస్తుంటే ఆమె కళ్లద్దాలు సరిచేసుకుని టీవీ దగ్గరికి జరిగేది. దర్జీ కళ్లు కదా. దయ్యం చీర కుచ్చిళ్లకు పిన్ను పెట్టారనేది. తెల్లగౌను చంకలో కుట్టు విడిచిందనేది. ఒక్కో తప్పు దొరికినప్పుడల్లా బట్ట మీద గీతలు గీసే సుద్దతో మిషన్ చెక్క మీద ఒక గీత గీసేది. మొదట్లో చేతుల్లో ముఖం దాచుకున్నదాన్ని, నెల తిరిగేసరికి ఆమెకంటే ముందే నేను చెప్పసాగాను. ఓసారి ఎలుగుబంటి లాంటి దయ్యం కాలికి హవాయి చెప్పులు కనబడ్డాయి. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"గా వేషమేసినోడు ఎండల ఉన్ని తొడుగేసుకుని ఉరుకుతుండు, ఎంత ఉడికిపోయిండో పాపం," అంది. "మంచి సినిమాల మనిషి కనబడడు బిడ్డా. గిసొంటి వాటిల్లనే కనబడుతడు. భయమైతే దగ్గరికి పోయి చూడాలె. దూరంకెళ్లి చూస్తే అన్నీ దయ్యాలే."

ఒకసారి దుకాణంలో సీడీల డబ్బాలు తారుమారయ్యాయి. పైన పుర్రె బొమ్మ చూసి నవ్వుకుందామని తెచ్చింది, లోపలున్న సినిమా వేరే. అందులో చనిపోయిన తల్లి కూతురి కోసం వస్తుంది. కూతురు కేకలు పెడుతుంది. మంత్రగాడొచ్చి ఆ తల్లిని కట్టేయడానికి చెట్టుకు మేకులు కొడతాడు. నేను లేచి పారిపోబోయాను. ఖాలా నా చెయ్యి పట్టుకుని, మిషన్ ఆపి, బడి నుంచి రాగానే మీ అమ్మ ఏమడిగేదని అడిగింది. అన్నం తిన్నవా అని అడిగేదన్నాను.

"మరి గామె వస్తే గొంతు పిసుకుతదా? గప్పుడు గూడ అన్నం తిన్నవా అనే అడుగుతది. సినిమా తీసినోనికి తల్లి యాది లేదు, గంతే."

సుద్ద తీసుకుని చెక్క ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్కటే గీత గీసింది. అమ్మ పోయిన అన్నాళ్లకు, అప్పుడు ఏడ్చాను నేను. మిషన్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. మరుసటి రోజు, రాత్రికి రాత్రే ఖాలా కుట్టిన అమ్మ చీర లంగా వేసుకుని బడికి వెళ్లాను.

దయ్యాల భయం పోయింది గానీ, ముఖం చూడలేని జబ్బు మాత్రం పోలేదు. నాన్న పోయినప్పుడు కూడా తల వంచుకునే కూర్చున్నాను. ఖాలా గమనించింది. పోయిన నెల ఆమెను చూడబోతే నా చెయ్యి పట్టుకుని, తన ముఖమైతే చూడాల్సిందేనంది. "గిన్ని దయ్యాలు చూపిచ్చిన, నన్ను చూడవా?" అంది. సరేనన్నాను గానీ నా మీద నాకే నమ్మకం లేదు.

బాన్సువాడకు చేరేసరికి ఎండ ముదిరింది. స్నానం చేయించి, తెల్లబట్ట చుట్టి ఇంట్లోనే ఉంచారు. ఆడవాళ్లు నాకు దారి ఇచ్చారు. గడప దగ్గర చాలాసేపు నిలబడ్డాను. వెనక్కి పోదామనే అనిపించింది, అబద్ధమెందుకు. చివరికి పక్కన కూర్చున్నాను. దగ్గరికి, బాగా దగ్గరికి జరిగాను. భాభీ ముఖం మీది బట్ట తొలగించింది.

నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. తడి వెంట్రుక ఒకటి చెంపకు అంటుకుంది. ముక్కుకు రెండు వైపులా కళ్లద్దాలు ఒత్తిన గుంటలు ఇంకా పోలేదు. ఇన్నేళ్లు నేను పారిపోయింది దీని నుంచా అనిపించింది. మా అమ్మ ముఖం మీద ఆ రోజు ఏముందో నాకు తెలియదు. ఇక తెలిసేదీ లేదు.

వాకిట్లో మగవాళ్లు లేచారు. టైమైందని ఎవరో అన్నారు. భాభీ బట్ట కప్పబోయింది.

"ఇంకొంచెంసేపు ఉండనియ్యి భాభీ," అన్నాను.

ఆమె బట్ట అంచు పట్టుకుని అట్లాగే ఆగింది.