ఎద్దు వాటా నీళ్లు

నా చిన్నప్పుడు ఒక వారం పాటు మా ఇంటికి రెండు చక్రాలుండేవి. చేవెళ్ల దగ్గరి మా ఊళ్లో బావులు ఎండిపోయాయి, గడ్డి వాములు అడుగంటాయి. గండిపేట చెరువు అంచున ఇంకా పచ్చిక మిగిలి ఉందని ఎవరో చెబితే తాత, నాయన, అమ్మ, నేను బండి కట్టుకుని బయలుదేరాం. మాకున్నవి రెండెడ్లు. రెండూ బతికితే రైతులం, ఒకటి పోతే కూలివాళ్లం.

మొయినాబాదు వైపు దారంతా అప్పట్లో అడవి. మోదుగలు, సీతాఫలం పొదలు. బస్సులు లేని రోజులు కనుక దారి పొడవునా బసలే. నచ్చిన చెట్టు కింద బండి విప్పుకోవచ్చు. కిరాయి లేదు, అడిగేవాడు లేడు. అడవి మొత్తం మాదే, అందులో తినడానికి ఏమీ లేదన్నది ఒక్కటే కొరత.

ఎండిన వాగు ఇసుకలో చెలిమె తవ్వి, ఊరిన నీటిని దోసిళ్లతో తోడి కుండ నింపేసరికి సగం పూట పోయేది. ఆ నీళ్లకు ఒక వరస ఉండేది. ముందు ఎడ్లకు, తర్వాత పిల్లలకు, చివరికి పెద్దలకు. ఎద్దు తాగకముందు పెద్దవాళ్లు పెదవి తడుపుకున్నా తలవంపే.

రెండోనాడు మధ్యాహ్నం అందరూ చెట్టు నీడన కునుకు తీస్తున్నారు. రెండెడ్లలో నీరసించిన దాని కోసం దాచిన కుండ పక్కనే ఉంది. నా వాటా నేను పొద్దున్నే తాగేశాను. ఒక్క దోసెడే అనుకుని వంగాను. ఏడేళ్ల దాన్ని, లెక్కలు నాకు అప్పుడూ రావు.

సాయంత్రం నాయన కుండ ఎత్తి ఆగిపోయాడు.

"నీళ్లెవ్వలు తాగిన్రు?"

నేను బండి చక్రం చాటుకు జరిగాను.

"నేనే తాగిన," అన్నాడు తాత. "దూప ఆగలే."

"ఎద్దుకు పెట్టినయి తాగుతవా బాపూ? గింత వయసొచ్చె, జర సిగ్గన్న లేదా?"

"వయసు ఎక్కిన బండిల సిగ్గుకు జాగ యాడుంటది కొడకా."

నాయన నవ్వలేదు. మిగిలిన సగం కుండ ఎద్దు మూతి దగ్గర పెట్టి, తాతకు వీపు తిప్పి కూర్చున్నాడు.

తెల్లవారి ఎద్దు లేవలేదు. కడుపు కింద కట్టె పెట్టి లేపబోయారు. ముందుకాళ్లు నిలబెట్టింది, వెనకకాళ్లు రాలేదు. పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి అంతా అయిపోయింది. గండిపేట నుంచి తిరిగి వస్తున్న బండ్లవాళ్లు, అక్కడా పశువులు పచ్చికను మన్ను కనబడేదాకా మేశాయి, పోయి లాభం లేదన్నారు. కాడికి ఒక పక్క మిగిలిన ఎద్దు, రెండో పక్క మా నాయన. అలా వెనక్కి తిరిగాం.

దారిలో తాత నా పక్కన నడుస్తూ మెల్లగా అన్నాడు. "మల్ల దూపైతే నన్ను లేపు బిడ్డా." అంతే. ఆ మధ్యాహ్నం ఆయన నిద్రపోలేదని నాకు అప్పుడు తెలిసింది.

తర్వాత నాయన కూలికి పోయాడు. తాతతో ఒకటి రెండు ముక్కలే మాట్లాడేవాడు, నీళ్ల కుండ మాత్రం ఆయనకు అందనంత దూరంలో పెట్టించేవాడు. రెండేళ్లకు తాత అలాగే పోయాడు. నాయనకు నిజం చెప్పడానికి ఆ తర్వాత నాకు ముప్పై ఏళ్లు దొరికాయి. చెప్పలేదు. సగం కుండతో ఆ ఎద్దు బతికేది కాదని నాకు నేనే చెప్పుకుంటాను. ఒప్పుకునేవాళ్లే ఎవరూ లేరు.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు ఏది పగలగొట్టినా నేనే పగలగొట్టానంటాను. నా చేతులు వణుకుతున్నాయనుకుని కోడలు నన్ను దవాఖానకు తీసుకుపోయింది, గాజు గ్లాసు మాన్పించి స్టీలు గ్లాసు ఇచ్చింది. మునిమనవడు దాన్ని చూసి నవ్వుతాడు. దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడల్లా మా తాత ఆ రెండేళ్లు ఎలా గడిపాడో కొంచెం అర్థమవుతుంది. కొంచెమే.