ఊరందరికీ వెన్న

ఆయన అసలు పేరేమిటో ఆయనకే ఎవరైనా గుర్తు చేయాలి. వీధి వీధంతా వెన్న మేస్త్రి అనే పిలుస్తుంది. మోటార్‌సైకిళ్లు బాగుచేసేవాళ్లు ఆ రోడ్డు మీద ఇంకా ఉన్నారు గానీ, యాక్సిలరేటర్ బిగుసుకుపోయిందంటే మాత్రం బండి తోసుకుంటూనైనా ఈయన షెడ్డుకే వస్తారు. ఈయన చెయ్యి పడ్డాక పిడి తిప్పితే వెన్నలో వేలు పెట్టినట్టుంటుందని వాళ్ల మాట. ఆ మాట చెవిన పడితే మేస్త్రి కాళ్లు నేల మీద నిలవవు. బండి అప్పగిస్తూ ప్రతివాళ్లకీ ఒకటే పాఠం చెబుతాడు: "పిడి బరువుగా ఉంటే చెయ్యి అలిసిపోతుంది బాబూ. అలిసిన చెయ్యి బ్రేకు అందుకోవడంలో ఆలస్యం చేస్తుంది."

ఆయన భార్య ఆసుపత్రిలో నర్సు. బండి అంటే ఆవిడకు ప్రాణం. కూనిరాగం తీస్తూ డ్యూటీకి వెళ్లేది, కూనిరాగం తీస్తూ వచ్చేది. అలాంటి మనిషి నీళ్ల ట్యాంకు దగ్గరి మలుపులో ఇసుక మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఇక బస్సే గతి. పాట ఆగిపోయింది. ఆవిడ ముఖం చూస్తే మేస్త్రికి జాలి, బండి మాట ఎత్తితే వణుకు.

కట్టు విప్పారు. నడపొచ్చని డాక్టరు చెప్పడమే ఆలస్యం, ఆవిడ బండి తీసింది. వీధి చివరిదాకా వెళ్లి, మణికట్టు పట్టుకుని తిరిగొచ్చింది.

"ఏమండీ, పిడి తిరగట్లేదు. నొప్పెడుతోంది."

"నీ చెయ్యి ఇంకా కుదురుకోలేదు. కొన్నాళ్లు బస్సులోనే వెళ్లరాదూ?" అన్నాడు మేస్త్రి. ఆవిడ వైపు చూడకుండా, శుభ్రంగా ఉన్న స్పానర్నే మళ్లీ తుడిచాడు.

ఆవిడ నమ్మేసింది. ఖాళీ దొరికినప్పుడల్లా రబ్బరు బంతి నొక్కుతూ కూర్చునేది. మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ అదే నొప్పి. ఇక ఈ జన్మకు బండి నడిపే యోగం లేదేమో అనుకుంది.

షెడ్డు ఇంటి ముందే. ఓ సాయంత్రం ఆవిడ టీ తెచ్చేసరికి, ఎవరిదో బండి పని పూర్తయి నిలబడి ఉంది. మేస్త్రికి గ్లాసు అందించి, ఊరికే ఆ బండి పిడి మీద చెయ్యి వేసింది. అడగ్గానే తిరిగింది. వదిలితే టక్కున వెనక్కి వచ్చింది. మణికట్టుకు ఆ సంగతే తెలియలేదు. మూలనున్న తన బండి దగ్గరికి నడిచి ఆ పిడి కూడా తిప్పి చూసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"ఊరందరికీ వెన్న. నాకు మాత్రం రాయా?"

మేస్త్రి దొరికిపోయాడు. గ్లాసు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే నిలబడి నిజం చెప్పేశాడు. కార్బరేటర్‌లో పెద్ద బండి స్ప్రింగు వేసిందీ తనే, యాక్సిలరేటర్ కేబుల్‌ని వంకరటింకరగా బిగించిందీ తనే.

"బరువుగా ఉంటే దాని జోలికి పోవనుకున్నా. నిన్ను ఆ రోజు స్ట్రెచర్ మీద చూశాక నాకు ధైర్యం చాలట్లేదు," అన్నాడు. 

ఆవిడకు కోపం, నవ్వు, ప్రేమ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ముందు కోపానికే దారిచ్చింది.

"నా చెయ్యే పనికిరాకుండా పోయిందని కుమిలిపోయాను. అలిసిన చెయ్యి బ్రేకు అందుకోలేదని అందరికీ చెప్పేది మీరేగా? ఆ పాఠం పెళ్లానికి వర్తించదా?"

నిజమే. మేస్త్రి భయంలో తన పాఠం తనే మరిచిపోయాడు. ఆమెను కాపాడబోయి, ఆమె చేతిని బ్రేకుకు దూరం చేశాడు.

టీ పక్కన పెట్టి పనిలోకి దిగాడు. గట్టి స్ప్రింగు తీసి పాతది వేశాడు. కేబుల్ నిలువుగా పట్టుకుని, నూనె చుక్కలు చుక్కలుగా పోసి, కింది చివర కారేదాకా ఆగాడు. పిడి లోపలి మురికి తుడిచాడు. కేబుల్‌ని మెలికలు లేకుండా పరిచి, కాస్త వదులు ఉంచి బిగించాడు. ఇంజను ఆన్ చేసి హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిప్పితే, చప్పుడు పెరగలేదు; కేబుల్ ఎక్కడా లాగట్లేదన్నమాట. పిడి ఎప్పుడూ తన చేత్తోనే తిప్పి చూసుకునేవాడు, ఈసారి ఆవిడ చేతికి వదిలాడు.

"ఇంకొంచెం వదులు," అంది. "ఆఁ, చాలు." అంటూనే నవ్వేసింది. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది.

"ఎక్కండి," అంది ఆవిడ.

మేస్త్రి వెనక కూర్చుని ఆవిడ భుజాలు పట్టుకున్నాడు. నీళ్ల ట్యాంకు కనిపించగానే గట్టిగా కళ్లు మూసుకున్నాడు. బండి కుదుపు లేకుండా సాగుతోంది. ముందు నుంచి సన్నగా కూనిరాగం మొదలైంది. ఎన్నాళ్లయిందో అది విని.

"మలుపు వచ్చేటప్పుడు చెప్పవే," అన్నాడు కళ్లు తెరవకుండానే.

"అది ఎప్పుడో దాటేశామండీ."

మేస్త్రి కళ్లు తెరిచాడు. వెనక్కి చూస్తే ట్యాంకు అల్లంత దూరాన ఉంది. 

"బండి తిప్పు," అన్నాడు. "ఇంకోసారి వెళ్దాం. ఈసారి చూస్తూ కూర్చుంటా."