ఉప్పలమ్మ అంగీ

పొద్దున పదకొండు దాటింది. మబ్బు యూనివర్సిటీ మీదికి బాగా దిగి ఉంది గానీ వాన పడటం లేదు. లేచింది మొదలు ఒక్క చాయ్ తప్ప నా కడుపులో ఏమీ పడలేదు, లోపలంతా మంట. ఆ ఆకలి సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ పూట నేను చేసిన పనికి దాన్నే సాకుగా చెప్పుకుంటూ వస్తున్నాను. రెండేళ్లయింది. నాకే నమ్మకం కుదరడం లేదు.

నా పేరు సామేలు. తాపీ పనిలో కూలీని. ఐదో తరగతితో బడి మానేశాను. మా ముఠా తొమ్మిది మందిలో సంతకం వచ్చింది నాకొక్కడికే. అందుకని హాజరీ బుక్కులో అందరి పేర్లూ రోజూ నేనే రాసేవాణ్ని. ఎవరూ అడ్డు చెప్పేవారు కాదు. వాళ్ల చేతులకు సిమెంటు ఉంటుంది, నా చేయే వాళ్ల చేయి.

అప్పుడు క్యాంపస్‌లో ఒక పాత హాస్టల్ గోడలకు ప్లాస్టరింగ్ చేస్తున్నాం. ఉప్పలమ్మ తట్టలతో సిమెంటు మాలు మోసేది. నాకన్నా మూడేళ్లు పెద్దది. గోల్నాకలో ఒంటి గదిలో కిరాయికి ఉండేది. భర్త పోయి పదేళ్లు, పిల్లలు లేరు. ఆయన ఫుల్ చేతుల అంగీ చీర మీద తొడుక్కుని మెడదాకా గుండీలు పెట్టుకునేది. పనిలో ఆడవాళ్లందరూ తొడుక్కుంటారు, కానీ అన్నం తినేటప్పుడు విప్పి పక్కన పెడతారు. ఆమె మే నెల ఎండలో కూడా విప్పేది కాదు. ఒకసారి ఎందుకని అడిగాను.

“ఇది తొడుక్కుంటే పని చేసేదాని లెక్క కనవడ్త తమ్మీ. ఇప్పితే ఆడదాని లెక్కనే కనవడ్త. నాకు మొదటిదే మంచిగున్నది,” అన్నది.

నవ్వించేది కూడా. మా మేస్త్రిని అల్లుడు అని పిలిచేది, కూర్చుని తినడం తప్ప వేరే పని లేదని. కుడి చేతి అంగీ మడిస్తే మోచేతి కింద పచ్చబొట్టు తేలు కనిపించేది. తట్ట నెత్తిన పెట్టుకుని, ఎడమ చేయి నడుం మీద వేసి, నిచ్చెన ఖాళీ అయ్యేదాకా కదలకుండా నిలబడేది.

ఆ నిలబడటమే భూమికకు నచ్చింది. భూమిక బొమ్మల చదువు చదివి, తార్నాకలో మెడికల్ షాపు పైన ఉన్న ఒక చిన్న గేముల కంపెనీలో బొమ్మలు గీసేది. మనుషులు బరువు ఎట్లా మోస్తారో చూడటానికి క్యాంపస్‌కు వచ్చేది. నాలుగు రోజులు ఉప్పలమ్మను గీసింది. అంగీ మడతలు, గుండీలు, తేలు, ఏదీ వదల్లేదు. ఆ బొమ్మ చూసి ఉప్పలమ్మ, నా ముక్కు ఇంత మంచిగుంటదా అని మురిసిపోయింది.

ఐదో రోజు, ఆ పదకొండు గంటలకు, భూమిక అందరికీ పూరీలు తెచ్చింది. ఒక కాగితం కూడా తెచ్చింది. బొమ్మను గేములో వాడుకోవడానికి ఆంటీ సంతకం కావాలని, పెట్టించమని నా చేతికిచ్చింది. ఉప్పలమ్మ పైన పరంజా దగ్గర ఉంది. కాగితం ఇంగ్లిష్‌లో ఉంది. పూరీలు చల్లారిపోతున్నాయి. భూమిక అటు తిరిగి పొట్లాలు పంచుతుంటే నేను ఎప్పటిలాగే ఉప్పలమ్మ పేరు రాసి, నా పొట్లం విప్పాను. తర్వాత ఆమెకు చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని తోచలేదు.

ఎనిమిది నెలల తర్వాత, హాస్టల్ పని ఇంకా సాగుతుండగా, ఒక పొద్దున ఉప్పలమ్మ తట్ట ఎత్తకుండా నా ముందుకు వచ్చి నిలబడింది. చేతిలో పక్కింటి నిరోష ఫోను. నిరోషకు పన్నెండేళ్ల కూతురు. గల్లీలో పిల్లలంతా ఒక కొత్త గేము ఆడుతున్నారట. ఆ పిల్లే వచ్చి, పెద్దమ్మా నీ తేలు ఫోన్ల ఉన్నది అన్నదట.

చూశాను. కత్తి పట్టిన ఒక ఆడమనిషి. ఎడమ చేయి నడుం మీద ఉంది. నెత్తిన తట్ట బదులు నిప్పుల గిన్నె. మోచేతి కింద తేలు. ముక్కు ఉప్పలమ్మదే. అంగీ లేదు, చీర లేదు, రెండు తోలు పట్టీలు ఉన్నాయి. ఆ నడుమూ ఆ ఛాతీ ఆమెవి కావు, ఏ మనిషివీ కావు. వేలు పెట్టి తోస్తే గుండ్రంగా తిరుగుతోంది. గెలిచినకొద్దీ ఉన్న బట్ట కూడా తగ్గుతుందట. మూలకు పన్నెండు అంకె, పక్కన ప్లస్ గుర్తు. పన్నెండు దాటిన పిల్లలు ఆడుకోవచ్చని.

ఇద్దరం తార్నాకకు నడిచాం. భూమిక మెట్ల మీదికి వచ్చి మాట్లాడింది. తాను అంగీతోనే గీశానని, అంగీ వేసుకున్నదాన్ని ఎవరు ఆడతారని పైవాళ్లు మార్పించారని చెప్పింది. కనీసం వయసు పద్దెనిమిది పెట్టమని అడిగిందట. ఆ అంకె ఎవరో వచ్చి గేము చూసి వేసేది కాదట. కంపెనీయే ఒక ఫారం నింపుతుంది, జవాబులను బట్టి అంకె వస్తుంది. ఒళ్లు రెచ్చగొట్టేటట్టు చూపించారా అని అడిగిన దగ్గర లేదు అని నొక్కారు. పద్దెనిమిది అయితే పిల్లలు ఆడరు, ఆడేది ఎక్కువ పిల్లలే.

ఉప్పలమ్మ అంతా విన్నది.

“గల్లీల పిల్లలు నన్ను పెద్దమ్మ అంటరు బిడ్డా. ఇగ నన్ను ఎట్ల సూస్తరు? దానికి నా అంగీ తొడుగు. లేకుంటే ఆ తేలన్న చెరుపు.”

“నా చేతుల లేదు ఆంటీ. మీరు సంతకం పెట్టిన్రు కదా, అదే చూపిస్తున్నరు.”

“నాకు సంతకమే రాదు.”

భూమిక తన ఫోన్లో ఆ కాగితం తీసి చూపించింది. ఉప్పలమ్మకు చదువు రాదు. కానీ ఏడేళ్లుగా రోజూ పొద్దున హాజరీ బుక్కు పక్కన నిలబడి, నేను తన పేరు రాస్తుంటే చూసింది. ఆ గీతలు ఆమెకు తెలుసు. చాలాసేపు చూసింది.

“తమ్మీ, ఇది నీకు ఎరుకనా?”

నేనే రాశానని ఒక్క మాట చెబితే ఆ కాగితం చెల్లేది కాదేమో. దొంగ సంతకం అంటారని, పోలీసులని, ఏవేవో భయాలు.

“నాకేం ఎరుక అక్కా,” అన్నాను.

ఆమె మళ్లీ అడగలేదు. ఆ తర్వాత మూడు నెలలకు ధైర్యం తెచ్చుకుని నేనొక్కడినే ఆ మెట్లు ఎక్కితే, పైన ఏదో కోచింగ్ సెంటర్ ఉంది. భూమిక ఎక్కడుందో ఎవరికీ తెలియదు. గేము మాత్రం ఉంది. హాస్టల్ వరండాలో పిల్లల చేతుల్లో, బస్సులో పక్క సీటు మనిషి చేతిలో, ఆమె నడుం మీద చేయి వేసుకుని ఊపిరి పీలుస్తూ నిలబడి ఉంటుంది. ఎవరో వేలితో తిప్పుతారు. తిరిగి తిరిగి మొహం నా వైపుకు వస్తుంది. నేను దిగాల్సిన స్టాపు కన్నా ముందే దిగిపోతాను.

ఇద్దరం తార్నాక పోయి వచ్చిన మర్నాడు ఉప్పలమ్మ ఎప్పటిలాగే తొమ్మిదికి వచ్చింది. అంగీ మెడదాకా గుండీలు పెట్టుకుని ఉంది. నేను హాజరీ బుక్కు తెరిచి పేర్లు రాస్తూ ఆమె పేరు దగ్గరికి వచ్చాను. ఆమె నా చేతిలోంచి బుక్కు తీసుకుంది. మేస్త్రి డబ్బాలోంచి వేలిముద్రల సిరా ప్యాడ్ తీసి, ఎడమ బొటనవేలు అద్ది, తన గడిలో గట్టిగా ఒత్తింది. వేలు గోడకు తుడుచుకుంది. సాయంత్రం దాకా మాలు మోసింది. మేస్త్రిని అల్లుడు అనలేదు. పని దిగాక తట్ట బోర్లించి, విద్యానగర్ వైపు గేటు దాటి వెళ్లిపోయింది.

గోల్నాకలో గది మర్నాటికే ఖాళీ అని నిరోష చెప్పింది.

ఆ గోడకు రంగు వేసే రోజున ఆ వేలి గుర్తు ఉన్న చోట నేను బ్రష్ పెట్టలేదు. మేస్త్రి చూసి, ఏంది సామేలు, కండ్లు కనవడ్తలేవా అని తనే పూసేశాడు.