రెండోసారి అడిగిన వాక్యాలు

తాతారావు సారుకు ముక్కు మీద కోపం. క్లాసులో ఇంగ్లిష్ తప్పు మాట్లాడితే వీపు విమానం మోత మోగేది. అమలాపురం నుంచి తొంభై ఆరులో చేవెళ్ల కాలేజీకి లెక్చరర్‌గా వచ్చి, మొయినాబాద్‌లో ఇల్లు కట్టుకుని ఇక్కడే ఉండిపోయారు. ముప్ఫై ఏళ్లయినా మా యాస ఒక్క ముక్క అంటలేదు. నేను మా ఊరు కనకమామిడి నుంచి బస్సులో వెళ్లి ఆయన దగ్గర చదువుకున్నాను. ఇవాళ దొంతన్‌పల్లి యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే.

నా పరిశోధన సంగతి కాస్త చెబుతాను, విసుక్కోకండి. ఇంగ్లిష్‌లో ఒక క్రియ వెనక ఇంకో క్రియ వచ్చినప్పుడు, ఆ రెండోదానికి సొంత కాలం ఉండదు. ముందు 'టు' పెట్టుకోవాలా, చివర 'ఇంగ్' తగిలించుకోవాలా, ఏదీ లేకుండా ఉత్తగా రావాలా అన్నది మొదటి క్రియ చెప్పినట్టు వింటుంది. వాంట్ టు సింగ్, ఎంజాయ్ సింగింగ్, మేక్ హిమ్ సింగ్. జీవితమంతా ఇంగ్లిష్ నేర్పినవాళ్లు వీటిని ఎలా తేలుస్తారో చూడాలి. ఇరవై వాక్యాలు పట్టుకుని సారు ఇంటికి వెళ్లాను. ఒప్పయితే టిక్కు, తప్పయితే ఇంటూ.

రెండు నిమిషాల్లో పెట్టి పారేశారు. ఇరవైకి ఇరవై. "దీనికి పెన్ను మూత తియ్యడం కూడా దండగే ప్రగతీ!" అని నవ్వారు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. మూడు వారాలాగి, అవే వాక్యాలను వరుస మార్చి మళ్లీ ఇస్తాం, జవాబులు నిలకడగా ఉన్నాయో లేదో చూడటానికి. ఈసారి సారుకు పావుగంట పట్టింది. 'దే మేడ్ హిమ్ టు వెయిట్' పక్కన టిక్కు! ఆ 'టు' పెట్టిన పాపానికి నన్ను బెంచీ ఎక్కించిన మనిషి! ఇంటికొచ్చి పోల్చి చూస్తే ఆరు మారాయి. అమ్మకు చెప్పాను.

"నిద్ర లేకుంటె గట్లనే అయితది, ఫికర్ చెయ్యకు," అంది మా అమ్మ శంకరమ్మ. నమ్మాలనిపించింది.

ఇంకో మూడు వారాలాగి మూడోసారి ఇస్తే పదకొండు మారాయి. నా చేతిలో టీ గ్లాసు ఉండగానే "టీ తాగుతావా అమ్మా?" అని మూడుసార్లు అడిగారు. ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది. అయినా ఉద్యోగం సంగతి పక్కన పెట్టండి, ఆ మనిషి దగ్గర్నుంచి ఇంగ్లిష్ తీసేస్తే ఏం మిగులుతుంది? చెప్పడానికి భయమేసింది, చెప్పకపోవడానికి ఇంకా భయమేసింది. మర్నాడు సాయంత్రం వెళ్లి మూడు కాగితాలూ ఆయన ముందు పెట్టాను.

"కోపం కావద్దు సార్. ఇవి మూడూ మీరే పెట్టిన్రు. ఒక్కతీరుగ లేవు. దవాఖానకు పోదాం, నేనొస్త."

ఆయన ఎర్ర పెన్ను తీసి మూడో కాగితం దిద్దడం మొదలుపెట్టారు. ప్రతి తప్పునూ పట్టారు, పక్కన సరైన రూపం రాశారు, ఒక్కటీ వదల్లేదు. హమ్మయ్య, అమ్మ చెప్పిందే నిజం, నిద్ర చాలకే అయివుంటుంది అనుకున్నాను.

చివర ఇరవైకి తొమ్మిది వేసి, దాని చుట్టూ సున్నా చుట్టి, కాగితం నా వైపు తోశారు.

"ఇంత ఘోరంగా రాశావేంటమ్మా! రేపు మీ నాన్నగారిని తీసుకురా."

"తీసుకొస్త సార్," అన్నాను.